పడుగా, పేకా

ఇది ధర్మం కోసం జరిగిన మహా సంగ్రామం. ఇందులో ఒక పెద్దమనిషి జీవితకాలపు కళ ఉంది, పద్నాలుగు వందల ఏళ్ల శాస్త్రం ఉంది, మూడు పట్టణాల మీదుగా సాగిన దండయాత్ర ఉంది. చదివేవాళ్లు కొంచెం సర్దుకుని కూర్చోవాలి.

అంత లేదు. మా అన్న పెళ్లి షేర్వానీ గుడ్డ గురించి ఇది. దండయాత్ర నేనూ అన్నా పాత బండి మీద చేసినాం. మూడు పట్టణాల్లో ఒకటి మా ఊరే.

మాది ధర్మవరం. మేము దూదేకులవాళ్లం. నమాజు అరబ్బీలో, తిట్లు తెలుగులో. మా గోడకి ఆనుకునే మగ్గం మామ ఇల్లు. చుట్టం కాదు, మతం కూడా వేరే, అయినా పుట్టినప్పటి నుంచీ మామే. అన్న ఎలక్ట్రీషియన్. మామకి చూపు తగ్గేకొద్దీ మగ్గం పైన ఒక్కొక్క లైటు పెంచుకుంటూ పోయినాడు. చివరికి మగ్గం గుంతలో కూచున్న మామ ఆపరేషన్‌కి సిద్ధంగా ఉన్న పేషెంటులా కనబడేవాడు. అయినా పోగు తెగితే కనబడటం లేదు. ఇంకొక్క గుడ్డ నేసి మగ్గం దించేస్తానన్నాడు.

ఆ ఆఖరి గుడ్డ చీర కాదు. ఎవరికీ చెప్పకుండా, లేత గోధుమ రంగులో, అన్న షేర్వానీకని నేసినాడు. తెచ్చి అన్న చేతుల్లో పెట్టి, "నిఖా నాడు ఇదే తొడుక్కోవాల. నేను ముందు వరసలో కూచుంటా. కనబడినంత చూస్తా," అన్నాడు.

అన్న కళ్లు తుడుచుకున్నాడు. లైట్ల వేడి ఎక్కువైందేమోనని నేను రెండు ఆపేసినా.

అన్న చేసిన తప్పు ఒక్కటే. గుడ్డ ఫొటో తీసి హిందూపురంలో ఉన్న పెళ్లికూతురికి పంపినాడు. ఆమె ఒక గుండె బొమ్మ పెట్టింది. ఆమె మేనమామ ఒక వాయిస్ మెసేజ్ పెట్టినాడు: "మాషా అల్లా, శానా బాగుండాది. అయితే మగోళ్లకి పట్టు హరాం కదప్పా."

పట్టు ఊర్లో పుట్టినోళ్లకి ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. కానీ మా ఇంట్లో మగవాళ్లకి పట్టు తొడుక్కునే ప్రమాదం ఎన్నడూ ఎదురు కాలేదు. ఇప్పుడు వేసుకుంటే దీన్‌కి, అంటే మతానికి తప్పు, వేసుకోకుంటే మామకి ఏమని చెప్పాలి? అన్న ఆ దిగులుతో అన్నం మానేసినాడు. మధ్యాహ్నం ఒక్కపూటే. సాయంత్రం ఇంట్లో కోడికూర చేసినారు.

మరుసటి రోజు పొద్దున్నే గుడ్డని న్యూస్‌పేపర్‌లో చుట్టుకుని పెనుకొండ పోయినాం. మా అవ్వ తమ్ముడు ఆడ ఒక చిన్న మసీదులో ఎన్నో ఏళ్లు నమాజు చదివించినాడు. ఆ తాత గుడ్డని చూసి, తడిమి, "బాగా నేసినాడు," అన్నాడు. అన్న ముఖం వెలిగింది. "కానీ కుదరదు," అన్నాడు. ఆరిపోయింది.

"అట్లా ఒక్క మాటలో తేలుస్తావా తాతా," అన్నా నేను.

"ఒక్క మాట కాదురా. దానికి వరస ఉండాది. మొదట ఖురాన్ చూడాల. ఆడ తేలకుంటే హదీసు, అంటే ప్రవక్త ఏం చెప్పె, ఏం చేసె. ఆడా తేలకుంటే పండితులంతా ఒక మాట మీద ఉండారేమో చూడాల, అది ఇజ్మా. అదీ లేకుంటే ఖియాస్. ఫలానా దానికి ఈ తీర్పు ఉంది, ఇదీ అట్లాంటిదే, కాబట్టి దీనికీ అదే తీర్పు అని పోల్చడం. పట్టు సంగతి హదీసులోనే తేలిపాయ. ఆడోళ్లకి సరే, మగోళ్లకి వద్దు."

మా ఇంట్లోనూ ఇదే వరస. మొదట అమ్మ, తర్వాత అవ్వ, ఆపైన చుట్టాలంతా కలిసి ఒక మాట, అప్పటికీ తేలకుంటే నన్ను అడుగుతారు. కాబట్టి నాకు నాలుగో మెట్టు మీద సహజంగానే మమకారం ఏర్పడింది.

"ఖియాస్ నేను చేస్తా తాతా. పట్టు ఎందుకు వద్దన్నారు? గర్వం వస్తుందని. మా అన్నకి గర్వం రావడానికి ఏముంది? బండికి అద్దాలు కూడా లేవు. కాబట్టి..."

"నీకు అరబ్బీ వస్తుందా?"

"రాదు. రీజనింగ్ పేపర్‌లో మంచి మార్కులు వచ్చినాయి."

తాత నవ్వలేదు. "కారణం నువ్వు కల్పించేది కాదు, మూలంలో నుంచి తీసేది. అదీ హదీసు లేని చోట. ఉన్న చోట నీ రీజనింగ్ ఎవురడిగినారు?" అన్నాడు. అయినా తనే ఒక మినహాయింపు చెప్పినాడు. ఒంటికి దురద పెడుతున్న ఇద్దరు సహచరులకి ప్రవక్త పట్టు తొడుక్కోవడానికి అనుమతి ఇచ్చినారట.

నేను అన్న వైపు ఆశగా చూసినా. "గోక్కోరా," అన్నా. అన్న గోక్కోలేదు. అబద్ధం చెప్పి పెళ్లి చేసుకోనన్నాడు. ఇట్లాంటోడితో ప్రయాణం చేయడం కష్టం.

తాతే హిందూపురానికి పంపినాడు. ఆడ ఒక ముఫ్తీ సాబ్ ఉన్నాడు, ఇట్లాంటి ప్రశ్నలకి తీర్పు చెప్పేదే ఆయన పని, ఆయన చెప్తే పెళ్లోళ్లూ వింటారన్నాడు. మేము పొడుగాటి తెల్లగడ్డాన్ని ఊహించుకుని పోయినాం. నాకంటే నాలుగేళ్లు పెద్దగా ఉన్నాడు. ముందు లాప్‌టాప్, పక్కన సగం తిన్న ఉస్మానియా బిస్కెట్టు. అన్న కథంతా చెప్పినాడు, లైట్లతో సహా. ఆయన గుడ్డని వెలుతురుకి పట్టి చూసి ఒకటే అడిగినాడు.

"పడుగేది, పేకేది?"

మగ్గం మీద నిలువుగా సాగదీసిన దారాలు పడుగు, నాడెతో అడ్డంగా వేసేది పేక. ధర్మవరంలో ఈ రెండు మాటలూ పాలల్లో కలిపి తాగిస్తారు. ముఫ్తీ నోట వింటామని అనుకోలేదు.

"మన హనఫీ మజ్‌హబ్‌లో, అంటే మనం నడిచే శాస్త్ర పద్ధతిలో, పేకని బట్టి తీర్పు," అన్నాడాయన. "పడుగు ఎంత ఉన్నా ఒట్టి దారాలే. పేక పడితేనే అది గుడ్డ అవుతుంది. కాబట్టి పడుగు పట్టయినా పేక నూలయితే తొడుక్కోవచ్చు."

అన్న అప్పటికే ఫోన్ తీసినాడు. స్పీకర్ పెట్టి, నేను ఆపేలోపల, ధర్మవరంలో ఏ నేతగాణ్ణీ అడగకూడని మాట అడిగేసినాడు.

"మామా, నువ్వు నేసిన గుడ్డలో నూలు కలిసిందా?"

మెల్లగా, "ఎవురన్నారబ్బా ఆ మాట?" అన్నాడు మామ.

"ఎవురూ అనలేదు మామా. ఊరికే. కలిపింటే మంచిదే అని..."

"మంచిదా? నలభై ఏండ్లలో చీరకి కలపలేదు, నీకు కలుపుతానా? పడుగూ పట్టే, పేకా పట్టే. దారం పీకి కాల్చి చూడు. ఎంట్రుక కాలిన వాసన రాకుంటే నన్ను మామా అనొద్దు."

పెట్టేసినాడు. మా ఊరి చరిత్రలో కల్తీ జరిగి ఉండాలని ఎవరైనా దువా చేసింటే ఆ రోజు మేమిద్దరమే. ముఫ్తీ సాబ్ బిస్కెట్టు అట్లాగే పట్టుకుని, "మీ మామ నిజాయితీపరుడు. అదే వచ్చిన చిక్కు," అన్నాడు. తర్వాత లాప్‌టాప్ మూసి, ఇంకో సంగతి చెప్పినాడు. మామూలు గుడ్డకి అంచుగా నాలుగు వేళ్ల వెడల్పు వరకూ పట్టు ఉంటే తప్పు లేదని హదీసులోనే ఉందట.

తిరిగొచ్చేసరికి మామ అరుగు మీద, మా వైపు వీపు పెట్టి కూచున్నాడు. అన్న ముందుకు పోయి, నేల మీద కూచుని, నూలు ఎందుకు అడగాల్సి వచ్చిందో మొదటి నుంచీ, నాలుగు వేళ్ల అంచు దాకా చెప్పినాడు.

"మీ దేవునికి పట్టు పడదా?"

"ఆడోళ్లకి పడుతుంది మామా. మగోళ్లకే."

"ముందే చెప్పకపోతివే."

"నువ్వు సర్‌ప్రైజ్ చేస్తివి."

మామ గుడ్డ మీద అరచెయ్యి రుద్దుతూ కూచున్నాడు. నాకు కూడా ఏమీ జోకు తోచలేదు. దగ్గు తెచ్చుకున్నా.

"నాలుగు వేళ్లంటే ఎవురి వేళ్లు?" అన్నాడు చివరికి.

ఈ ప్రశ్న మా ఇద్దరికీ తట్టలేదు. పెనుకొండ తాతకి ఫోన్ చేస్తే, "మధ్యరకం చెయ్యి," అన్నాడు. గుడ్డ మీద మూడు చేతులు పరిచినాం. మామది మగ్గం చెయ్యి, వెడల్పు. అన్నది వైర్లు దూర్చే చెయ్యి, సన్నం. నాది ఏ పనీ చేయనందువల్ల మధ్యరకం. మామ నా చేతిని పక్కకి తోసినాడు. "నేసింది నేను. కోసేదీ నేనే. నూలు షేర్వానీకి అంచుగా పట్టీ కోసినాక మిగిలింది పెళ్లికూతురికి రవికె గుడ్డ చేయండి," అని కత్తెర తెమ్మన్నాడు. మామ వెడల్పు చెయ్యి కొలతకి కుదురుతుందా అని అన్న మళ్లీ తాతకి ఫోన్ చేయబోయినాడు. నేను ఫోన్ లాక్కుని టైలర్‌కి చేసినా.

"నాలుగు వేళ్లంటే మూడంగుళాలప్పా," అన్నాడు టైలర్. "కుట్టులో రెండు పక్కలా పావు పావు పోతాది. మూడున్నర కోసుకోని రాండి."