నాలుగో ఫొటోలో చందమామ

నా చిన్నప్పుడు కనకాలపేట మొత్తంలో వాదనలో నన్ను గెలిచినవాళ్లు లేరు. ఇప్పటికీ లేరనే మా ఇంట్లో అంటారు, అదేం మెచ్చుకోలు కాదు. ఆ గెలుపుల్లో ఒక్కదాన్ని వెనక్కి ఇచ్చేయగలిగితే బాగుండునని నలభై ఏళ్లుగా అనుకుంటున్నాను.

అప్పుడు నాకు పన్నెండేళ్లు, చెల్లికి ఏడు. దాని గుండెకి పుట్టుకతోనే చిల్లు. నాలుగు మెట్లెక్కితే పెదవులు నీలంగా మారిపోయేవి. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్‌కి విశాఖపట్నం తీసుకెళ్లాలి. ఆ వేళ దాని కోరిక ఒక్కటే: నాన్న కొనిచ్చిన చిన్న టెలిస్కోపులోంచి చందమామ మీది గుంటలు చూడాలని. వాకిట్లోంచి చూద్దామంటే కొబ్బరిచెట్లు అడ్డం. మేడెక్కాల్సిందే.

మా తాతయ్య గోదావరిలో చేపల వేటతో బతికిన మనిషి. “నేనెత్తుకొత్తానే దాన్ని. రెండు నిమిషాలు సూసి దిగిపోద్ది” అన్నాడు.

నేను ఒప్పుకుంటేనా! టెలిస్కోపులోంచి చందమామని ఫొటో తీసిస్తానన్నాను. స్టూడియోలో పనిచేసే పక్కింటి అన్నయ్య ఇచ్చిన కెమెరా రీలులో నాలుగు ఫొటోలే మిగిలాయి. పక్కన ఎవరు కదిలినా టెలిస్కోపు బక్క స్టాండు ఊగిపోతుంది. “కంటితో చూసింది ఎంతసేపుంటుంది తాతయ్యా? ఫొటో అయితే తలగడ కింద పెట్టుకుంటుంది. శనివారం నాన్న ఆసుపత్రికి పట్టుకెళ్తాడు” అని వాదించాను.

మంచం మీద నుంచి చెల్లే తీర్పు చెప్పింది. “అక్కని వదిలెయ్ తాతయ్యా. లేపోతే తెల్లార్లూ వాదిస్తది.”

పొద్దు గుంకగానే సగం చందమామ తేటగా ఉన్నాడు. తీరా కెమెరా ఆనించేసరికి గొట్టంలోంచి జారిపోయేవాడు. నేను తిప్పుకునేదాన్ని, మళ్లీ జారేవాడు. మూడు ఫొటోలు అలాగే పోయాయి. వెనకే వచ్చిన తాతయ్య నవ్వాడు.

“ఏవే, తరుముతున్నావేంటే ఆణ్ణి? చేప ఉన్నచోట వలేత్తే నీళ్లే వత్తాయి. అదెళ్లే చోట వెయ్యాలి.”

గొట్టాన్ని చందమామ కంటే కాస్త పడమరకి జరిపి, నా చేతులు తీయించాడు. స్టాండు ఊగడం ఆగింది. నల్లటి గుండ్రంలోకి ఒక తెల్లటి అంచు మెల్లగా నడిచొచ్చింది. ఊపిరి బిగబట్టి నొక్కాను. కిందికి దిగేసరికి చెల్లి నిద్రపోయింది.

శనివారం ఫొటో వచ్చింది. చెల్లి రాలేదు. ఆపరేషన్ బల్ల మీదే పోయింది.

చందమామ వేలిగోరంత ఉన్నాడు, కానీ గుంటలు లెక్కపెట్టొచ్చు. తాతయ్య దాన్ని దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. ‘నేను చెప్తే విన్నావా’ అంటాడని నేను గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను. అనడానికి ఆయనకి హక్కుంది. ఆయన జాగాలో నేనుంటే అనేసేదాన్నే. “బాగా వచ్చాడే” అని మాత్రం అన్నాడు. తను పోయేదాకా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నా మేడ మీదా ఒక చిన్న టెలిస్కోపుంది, దానికి ఫోను బిగించుకునే పట్టీ ఉంది. తాతయ్య చెప్పినట్టే కాస్త ముందుకి తిప్పి ఆగుతాను, ఫొటోలు బాగానే వస్తాయి. వాదనలూ మానలేదు. కానీ ‘నేను చెప్తే విన్నావా’ అన్న మాట గొంతుదాకా వచ్చి ఆగిపోతుంది. ఫోను బిగించే ముందు, కింద వాటాలో ఉండే చిన్నపిల్లని పిలిచి “ముందు నువ్వు చూడవే” అంటాను. దాని మోచెయ్యి తగిలి స్టాండు ఊగుతుంది.

ఊగనీ.