కూతురి దగ్గర తీసుకోకూడదన్న నియమం

నా రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయని తెలిసిన కొన్ని నెలలకు మా అమ్మాయి తనది ఒకటి ఇస్తానంది. పరీక్షలన్నీ సరిపోయాయి. నేను ఊఁ అంటే వేసవిలోపు ఆపరేషన్. కాదంటే వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి తిరుగుతూ, ఎవరిదో ఎప్పటికో దొరుకుతుందని ఎదురుచూడాలి. మా ఆవిడకు షుగర్, ఆవిడది పనికిరాదన్నారు. అయినా నేను ఒప్పుకోనన్నాను.

ఎందుకని అడిగితే ప్రకృతి విరుద్ధం అన్నాను. నీళ్ళు పైనుంచి కిందికి పారతాయి, తల్లిదండ్రులు పిల్లలకు ఇస్తారు, అంతే. ఇక్కడ కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ముప్ఫై ఏళ్ళు పంపులు డిజైన్ చేసినవాణ్ణి, నియమాల గురించి నాకు ఒకరు చెప్పాలా అని నా ధీమా.

మా అమ్మాయి పక్క ఊరు వాటర్లూలో ఫిలాసఫీ పీహెచ్‌డీ చేస్తోంది. అదేం చదువని నేను ఎన్నోసార్లు సణిగాను. ఇప్పుడు అదే నా మెడకు చుట్టుకుంది. ఆదివారం వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తన ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. ప్రకృతి నియమం వేరు, సహజ ధర్మం వేరట. వదిలేసిన రాయికి కింద పడకుండా ఉండే వీలు లేదు, అది మొదటిది. మనిషి ఎలా నడుచుకోవాలో మనిషి స్వభావాన్ని బట్టి బుద్ధితో తెలుసుకోవచ్చని కొందరంటారు, అది రెండోది. దాన్ని మీరవచ్చు, అందుకే తప్పు అనే మాట పుట్టింది. తను కిడ్నీ ఇవ్వగలదు కాబట్టి నేను చెప్పేది మొదటి రకం కానే కాదంది.

సరే, రెండో రకమే అనుకో అన్నాను. అయితే కారణం చూపించమంది. తండ్రిని కూతురు బతికించుకోవడం ఏ బుద్ధికి తప్పుగా తోస్తుందని అడిగింది. నేను మళ్ళీ నీళ్ళ మాటే ఎత్తాను. జన్మంతా నీళ్ళను పైకే పంపావు కదా అంది. పంపు ఏ నియమాన్నీ మీరదు, పాటిస్తూనే పైకి పంపుతుంది అని ఎగిరాను. అన్నాక గానీ అది అమ్మాయి వాదనేనని నాకు తట్టలేదు. ఛీ, ఈ వయసులో నాకీ తలనొప్పి ఏమిటి అనిపించింది.

నిజానికి నాకు గుర్తొస్తున్నది మా నాన్న. మా అక్కకు బిడ్డ పుట్టేదాకా ఆయన ఆమె అత్తారింట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆడపిల్ల దగ్గర తీసుకోకూడదు. ఎందుకని మేమెవరమూ అడగలేదు. ఆకలెందుకు వేస్తుందని అడుగుతామా? అది వట్టి ఆచారమో, ధర్మమో, రాయి పడటంలాంటిదో నాకు తేలలేదు. తేలడం లేదనే చెప్పాను.

అమ్మాయి చిక్కుడుకాయలు పక్కకు పెట్టింది. ఎప్పుడూ ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల ఈసారి తెలుగులో అడిగింది.

"నాన్నా, ముందు అన్నయ్య ఇస్తానన్నాడు కదా. బీపీ ఉందని డాక్టర్లే వద్దన్నారు. నువ్వెందుకు వద్దనలేదు?"

అనలేదు. వాడి టెస్టులకు నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను. నా కొడుకు అని నలుగురికి ఫోన్ చేసి చెప్పుకున్నాను కూడా. ఆ రోజు ప్రకృతి నాకు గుర్తే రాలేదు.

"నా దగ్గర తీసుకోవడం అంత చిన్నతనమా?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. మరుసటి వారం ఆస్పత్రిలో సరేనన్నాను. మీ ఇష్టంతోనే కదా అని నర్సు రెండుసార్లు అడిగింది. అవునన్నాను. పక్క కుర్చీలోంచి అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. అన్నీ అర్థమయ్యాక కూడా, ఆ క్షణాన నా చెయ్యి దానంతటదే వెనక్కి పోబోయింది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. తను మాత్రం వదల్లేదు.