చీటీ లేకుండ వేసిన చెయ్యి

నేను బొగ్గు బాయిల దవాఖానల నౌకరికి ఎక్కింది పందొమ్మిదివందల డెబ్బై తొమ్మిదిల. మా ఆయన బాయిల బండ కూలి పోయిండు. ఆయన జాగల నాకు నౌకరి ఇచ్చిండ్రు. ఆదిలాబాద్ జిల్లాల గోదారి దిక్కు ఉన్న కాలరీ అది. అందరు నన్ను ఆయమ్మ అనేటోళ్లు గని, హాజరు రిజిష్టర్ల మాత్రం పోశమ్మ, కేటగిరి వన్ మజ్దూర్ అని ఉంటుండె. అంటె అన్నిటికన్న కింది మెట్టు. నాకు సంతకం పెట్టుడు, అంకెలు చదువుడు, గంతవరకే వచ్చు. గిదంత నేను చెప్తుంటె మా మనుమరాలు రాస్తున్నది.

నన్ను వేసింది ఫిజియోథెరపి అర్రల. మంది దాన్ని కరెంటు అర్ర అంటుండె, నడుం నొప్పోళ్లకు అండ్ల కరెంటు మిషిని పెడ్తరు గదా, అందుకు. వేడి నీళ్ల డబ్బాలకెళ్లి పట్టీలు తీసి, తువ్వాలల చుట్టి ఈపుల మీద కప్పుడు నా పని. చేతులు బిగుసుకపోయినోళ్లకు మైనం కరగబెట్టుడు. ఇగ ట్రాక్షన్. మెడకో నడుముకో పట్టీ కట్టి, తాడు గిలక మీదికెళ్లి తీసి, చివరికి ఇనుప బరువులు వేలాడదీసుడు. కాలు కదలకుంట అటొకటి ఇటొకటి ఇసుక సంచులు పెట్టాలె. ఆ సంచులు కుట్టేది, ఇసుక కడిగి ఎండబోసి నింపేది గుడ నేనే. ఏం చేసినా డాక్టరు చీటీ చూసే చెయ్యాలె. చీటీ లేంది ఎవల ఒంటి మీద చెయ్యి వేయొద్దని మా ఇంచార్జి సారు మొదటి దినమే చెప్పిండు.

ఎనభై మూడుల నెలకొక బేస్తారం హైదరాబాద్ కెళ్లి ఒక పెద్దాయన వచ్చుడు షురువైంది. పరాయి దేశంల కైరోప్రాక్టిక్ అనే చదువు చదివిండట. సూదిమందు లేదు, గోలీ లేదు. చేతులతోనే ఈపు బొక్క, మెడ సవరిస్తడు. మేము వెన్ను డాక్టరు అనేటోళ్లం. ఒక్కొక్క పూస మీద వేలు ఆనించుకుంట కిందికి దిగుతుండె. ఒక్కతాన ఆగుతుండె. అక్కడ చిన్నగ ఒక్క తోపు, టక్కుమని సప్పుడు. అందరికి కాదు గని, కొందరైతె ఇద్దరి భుజాల మీద వాలి వచ్చినోళ్లు తమంత తాము లేచి చెప్పులు వెతుక్కుంటుండె. వెన్నుల నరాలు మెదడుకు కబురు మోస్తయి, తొవ్వ సాఫ్ ఉంటె కబురు సాఫ్ పోతది అని ఆయన చెప్తుండె. పని చేసుకుంటనే నేను ఆయన చేతులు చూసేదాన్ని. బొటనవేలు ఎక్కడ, మోచెయ్యి ఎంత ఎత్తు, మనిషి ఊపిరి ఎప్పుడు విడిచినంక తోసిండు, అన్ని కండ్లల్ల పెట్టుకున్న.

అక్కడనే నాకు జర గర్వం ఎక్కింది. క్వార్టర్లల్ల ఆడోళ్ల భుజాలు, ఈపులు వత్తుడు మొదలుపెట్టిన. "పోశక్క చెయ్యి పడితె గూని ముసలమ్మ గుడ గుంజ లెక్క నిలవడుతది" అని పరాచికాలు ఆడుతుంటె నాకు సంబురమే అయితుండె.

ఓదెలు అని ఒక ఫిల్లర్, అంటె బాయి లోపట టబ్బులల్ల బొగ్గు నింపేటోడు, వెన్ను డాక్టరు సంగతి విని బిడ్డను తీసుకొచ్చిండు. బిడ్డ పేరు స్వరూప. ఎనిమిదేండ్లది. మాట లేదు. చెవులు మంచిగనే ఉన్నయి, ఎంత దూరంల సైరన్ మోగినా చెవులు మూసుకుంటది. ఎవల మొఖం దిక్కు చూడది. ఎవలన్న ముట్టుకుంటె ఒర్రుడే, అరుపులే. ఫికరైతె పోయి నొసలు దర్వాజకు కొట్టుకుంటది. నొసటి మీద పుండు అయ్యింది, మానుతలేదు. కట్టు కట్టాలంటె నలుగురు పట్టుకోవాలె, అప్పుడు గుంజులాటల పుండు ఇంకింత చీరుతది. గిప్పుడు దాన్ని ఆటిజం అంటున్నరు. అప్పుడు మాకు ఆ పేరు తెల్వది. బడిల పిచ్చిదన్నరు, వాడకట్టోళ్లు గాలి సోకిందన్నరు.

వెన్ను డాక్టరు దగ్గరికి పోంగనే స్వరూప ఒర్రి గోడకు అల్మారికి నడుమ ఇరికింది. డాక్టరు వెనుకకు జరిగిండు. చెయ్యి వేయనియ్యని పిల్ల మీద చెయ్యి వేసుడు వైద్యం కాదు, వారం వారం తీసుకొచ్చి ఊకనే ఈ అర్రల కూసోబెట్టండి, అలవాటు కానీ అని చెప్పి పోయిండు. ఓదెలు మొఖం చిన్నగయ్యింది.

రెండో వారం పగటి పూట, ఇంచార్జి సారు అన్నానికి పోయిన యాళ్ల, ఓదెలు పెండ్లాం రాజేశ్వరిని, బిడ్డను తీసుకొని వచ్చిండు.

"అక్కా, నువ్వు రోజు చూస్తున్నవ్ గదా. నువ్వే జర మెడ సవరించు. ఒక్క నరం సాఫ్ అయితె నా బిడ్డ బాపూ అంటదేమో."

"చీటీ లేదు తమ్మీ. నాతోని కాదు."

"ఊరందరి ఈపులకు చీటీలు చూసినవా? నా బిడ్డకే అచ్చినయా చీటీలు?"

గా మాట తగిలింది. చేస్త అన్న. ఇప్పటికి అనుకుంట, నన్ను ఒప్పించింది ఆయన గోస కాదు, నా గర్వమే.

రాజేశ్వరి కాళ్లు పట్టుకున్నది, ఓదెలు భుజాలు అదిమి పట్టిండు. పిల్ల ఒర్రుడు దవాఖాన అంత వినబడుతున్నది. నేను డాక్టరు లెక్కనే ఎడమ చెయ్యి గదువ కింద పెట్టిన, కుడి చెయ్యి మెడ వెనుక పెట్టిన. ఊపిరి విడుస్తదని చూస్తున్న. ఒక్క తోపు, గంతే మిగిలింది.

స్వరూప ఒర్రుడు ఆపింది. చెయ్యి ఎట్లనో ఇడిపించుకొని నా మణికట్టు పట్టుకున్నది. ఎవల్ని ముట్టని పిల్ల! నా మొఖం చూడలే. నా చెయ్యిని ఒక సామాను లెక్క పట్టుకొని, మెడ మీదికెళ్లి తీసి, భుజం మీద పెట్టి కిందికి అదిమింది. నేను మెల్లగ వత్తిన. చాల్లేదు, ఇంకింత అదిమింది. బలంగ వత్తిన. రెండో చెయ్యిని గుడ అట్లనే తీసి రెండో భుజానికి పెట్టుకున్నది.

"ఇడువుండ్రి" అన్న. ఓదెలు ఇడిచిండు. పిల్ల ఉరకలే. జర సేపటికి లేచి, నా చెయ్యి పట్టుకొని ఇసుక సంచుల అల్మారి దాక గుంజుకపోయి, నా చెయ్యిని సంచి మీద పెట్టింది. ఒకటి దించిన. మల్ల పెట్టింది. ఇంకోటి దించిన. నేల మీద పండుకొని తొడల మీద ఒకటి, పొట్ట మీద ఒకటి తనే సర్దుకున్నది. అటు ఇటు జరిపి, సరి తూకంల పెట్టుకున్నది. పదేండ్ల సంది పని చేసేటోళ్లు గుడ అంత సక్కగ పెట్టరు. కండ్లు మూసింది. పొట్ట మీద సంచి పైకి కిందికి నిమ్మలంగ ఊగుతున్నది.

నేను దూది, మందు తెచ్చి నొసటి పుండు కడిగిన. కట్టు కట్టిన. ఎవలు పట్టుకోలే. పిల్ల కదలలే.

"మాటైతె అనలే గదా అక్కా" అన్నడు ఓదెలు. రాజేశ్వరి మొగన్ని చేత్తోని పొడిచింది, సప్పుడు చేయకుమని.

మల్ల నెల బేస్తారం వెన్ను డాక్టరు రాంగనే నేను ముందుగాలనే పోయి, చీటీ లేకుండ మెడ మీద చెయ్యి వేసిన సారూ అని జరిగింది జరిగినట్టు చెప్పిన. నౌకరి పోతదనే అనుకున్న. ఆయన నా వేలు తీసుకొని తన మెడ మీద పెట్టుకున్నడు.

"ఇక్కడ పూసల సందుల నుంచే మెదడుకు రక్తం పోయే నాళాలు ఉన్నయి, పోశమ్మా. బిగబట్టిన మెడను చదువులేని చెయ్యి తిప్పితే చెయ్యీ కాలూ పడిపోవచ్చు, పాణమే పోవచ్చు. నేనే పిల్లల మెడ జోలికి పోను. నువ్వు నా చేతులు చూసినవు గని, నేను ఎక్కడ తోస్తలేనో చూడలే."

ఆ పిల్ల నా మణికట్టు పట్టకపోతె నేను తోసేదాన్నే.

స్వరూపను తీసుకరమ్మన్నడు, ఓదెలు తెచ్చిండు. ఆయన నేల మీద కూసొని, చెయ్యి వెల్లకిల నేలకు ఆనించి పెట్టిండు. ఒక్క మాట అనలే, పిల్లను చూడలే. బయట వరుస పెరుగుతున్నది. ఎంతో సేపటికి స్వరూప గోడ ఇడిచి వచ్చి ఆయన బొటనవేలు పట్టుకొని తన మడిమకు పెట్టుకున్నది. ఆయన వత్తిండు. చాలంగనే తోసేసింది.

"ఇన్నేండ్లు నా చేతులతోని మంది ఒళ్లను అడుగుకుంట వచ్చిన. నా చెయ్యి పట్టుకొని జవాబు చెప్పింది మాత్రం ఈ పిల్లనే" అన్నడు.

ఓదెలు అడగనే అడిగిండు, మాట వస్తదా సారూ అని. డాక్టరు దాచలే. "నా చేతుల్ల మాట లేదు. ఉన్నదనేటోడు వస్తే వాని దగ్గరికి పోకు. ఒళ్లు నిమ్మలపడితే పిల్ల నిద్రపోతది, పుండు మానుతది. నేను చెప్పగలిగేది గంతే." చీటీ మీద 'ఇసుక సంచులు, పిల్ల అడిగినంతసేపే' అని రాసిచ్చిండు. ఇంచార్జి సారు దాన్ని చదివి నవ్విండు గని, ఫైల్ల పెట్టిండు. నన్ను గట్టిగ తిట్టి, ఆ ఒక్కసారికి ఇడిచిపెట్టిండు.

మాట రాదన్నడనే కోపంతోని ఓదెలు మల్ల దవాఖానకు రాలే. రాజేశ్వరి ఒక్కతే వచ్చి "వదినె, ఇంటికి గుడ రెండు సంచులు కుట్టియ్యవా" అన్నది. కుట్టిచ్చిన. వానకాలం పోయేసరికి పుండు మానింది, మచ్చ మిగిలింది.

చలికాలంల ఒకనాడు ఓదెలు బిడ్డను సైకిల్ మీద ఎక్కించుకొని, కడిగి ఆరబెట్టిన గోదారి ఇసుక తెచ్చిండు.

"మాట కోసం రాలే అక్కా. సంచి పిగిలింది."

నేను కుడుతుంటె ఆయన నేల మీద కూసున్నడు. గోర్ల సందుల బొగ్గు అట్లనే ఉన్నది. డాక్టరు లెక్క చెయ్యి వెల్లకిల పెట్టిండు. నేను కుట్టుడు అయిపోయింది, దారం కొరికిన, ఆయన ఇంక అట్లనే ఉన్నడు. అప్పుడు స్వరూప వచ్చి బాపు చెయ్యి తీసుకొని నొసటి మచ్చ మీద పెట్టుకొని అదిమింది.

స్వరూపకు మాట రాలే. నేను ఆ అర్రల ఇంకో పదహారేండ్లు పని చేసిన. చీటీ ఉన్నా సరే, ముందుగాల నా చెయ్యి వెల్లకిల బల్ల మీద పెట్టి ఆగేదాన్ని. చీటీ డాక్టరు ఇస్తడు. ఇంకో హుకుం బల్ల మీద పండుకున్న మనిషి ఇయ్యాలె. అది రాంది నేను మల్ల ఎవల ఒళ్లు ముట్టలే.