జానీ బండి మోత

బండి ఆగిపోతే పెట్రోలు రాలేదనో, గాలి ఆడలేదనో, ప్లగ్గులో నిప్పు పుట్టలేదనో అర్థం. అశ్వారావుపేటలో ఇన్నేళ్లుగా మెకానిక్ పని చేస్తున్నాను, ఇంకో కారణం నాకెప్పుడూ కనపడలేదు. శ్మశానం దగ్గరికి రాగానే బండి ఆగుతోంది, ఏదో పట్టిందని ఒకాయన హ్యాండిల్‌కు నిమ్మకాయలు కట్టుకుని వచ్చాడు. కార్బొరేటర్ గిన్నె విప్పి అడుగున పేరుకున్న తుప్పు చూపించి, "ఇగో నీ దయ్యం" అని నవ్వాను. నేను అలాంటివాణ్ని. ఇప్పుడు చెప్పేది నమ్మమని ఎవరినీ బలవంతపెట్టను.

జానీ మా ఒక్కగానొక్క కొడుకు. మేం ముస్లింలమైనా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. వాడికి నా పని అబ్బలేదు, చేతులకు నూనె అంటితే చాలు మొహం చిట్లించేవాడు. చీరలు, లుంగీలు మూటగట్టి, నా పాత బండి వెనక వేసుకుని, భద్రాచలం వైపు అడవిలో గూడేలు తిరిగి అమ్మేవాడు. ఇది రెండు వేల ఐదో ఆరో సంవత్సరం నాటి మాట. అప్పటికి ఆ గూడేలకు ఫోన్లు లేవు.

ఊరి ముందు బండి ఆపినా వాడు ఇంజన్ మాత్రం బంద్ చేసేవాడు కాదు. ఆ మోత వినే ఆడవాళ్లు బయటికి వచ్చేవాళ్లట. కార్బొరేటర్ స్క్రూలు తనే తిప్పుకుని, పెట్రోలు కాస్త ఎక్కువ తాగేలా పెట్టుకున్నాడు. దాంతో బండి నాలుగు దెబ్బలు కొట్టి, ఆగిపోతుందేమో అనిపించి, మళ్లీ అందుకునేది. వింటుంటే నాకు ఒళ్లు మండేది. సరిచేస్తానంటే వాడు ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"ఉండనియ్యి నాయనా. గీ మోతకే నాకు గిరాకీ వస్తది" అనేవాడు.

వానలు మొదలవుతూనే వాడికి జ్వరం వచ్చింది. మలేరియా. మెదడుకెక్కింది. ఖమ్మంలో దవాఖానాకు తీసుకుపోయాం కానీ మనిషిని వెనక్కి తెచ్చుకోలేకపోయాం. పెళ్లి కూడా కాలేదు వాడికి.

నా భార్య సైదాబీ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. మాట మానేసింది, తిండి మానేసింది, ఎవరైనా బతిమాలితే రెండు ముద్దలు మింగేది. నా కళ్ల ముందే మనిషి కరిగిపోతోంది. కొడుకు వెనకే ఈమె కూడా పోతుందని నాకు బెంగ పట్టుకుంది. వానలు తగ్గుముఖం పట్టాక ఒకరోజు తనంతట తనే నోరు తెరిచింది.

"వాడి బండి స్టార్ట్ చెయ్యవయ్యా. ఒక్కసారి ఆ మోత వింట."

ఇంతకన్నా తేలికైన పని ఏముంటుంది నాకు? ఎగిరి గంతేసినంత పని చేశాను. వానాకాలమంతా నిలబడి ఉండటంతో పెట్రోలు ఆరిపోయి కార్బొరేటర్ నిండా జిగురు కట్టింది. విప్పి, కడిగి, సన్నటి రాగి తీగతో పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రం శుభ్రం చేసి, స్క్రూలు పద్ధతిగా బిగించాను. కిక్కు కొట్టగానే అందుకుంది. ఎక్కడా తడబాటు లేదు. సైదాబీ గుమ్మంలోకి వచ్చి కాసేపు విన్నది.

"ఇది వాడి బండి కాదు" అని లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. వాడు స్క్రూలు ఎంతవరకు తిప్పి ఉంచాడో చూసుకోకుండానే విప్పేశాను. నా చేతికి ఉన్న అలవాటు అది, బండి ఏదైనా బాగుచేసే పారేస్తుంది. వాడి చెయ్యి ఆడిన చివరి గుర్తు ఆ రెండు స్క్రూలే. వాటిని నేనే చెరిపేశాను. షాపు షట్టర్ దించుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆ తర్వాత వేరే గిరాకీలన్నీ పక్కన పెట్టి దాని మీదే కూర్చున్నాను. ఎంత తిప్పినా ఆ మోత రాలేదు. అయితే నున్నగా ఆడేది, లేకపోతే ఆగిపోయేది. సైదాబీ ప్రతిసారీ వచ్చి విని, తల అడ్డంగా ఊపి వెళ్లేది.

ఒకరోజు మధ్యాహ్నం కార్బొరేటర్ మళ్లీ ఊడదీసి, ముక్కలన్నీ పెట్రోలు పళ్లెంలో వేసి కడుగుతున్నాను. షాపు మా ఇంటి ముందు గదే. సైదాబీ పిండి చేతులతో లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది.

"వచ్చిండయ్యా! ఇనవడుతలేదా? జానీ బండే!"

బండి నా ఎదురుగానే ఉంది. కార్బొరేటర్ ఉండాల్సిన చోట ఖాళీ. నేను పళ్లెం చూపించాను. రోడ్డు మీద కూడా ఏ బండీ లేదు. ఆమె కాసేపు అలాగే నిలబడి విని, అక్కడే నేల మీద కూలబడి, జానీ పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. ఆ సాయంత్రం అడిగి అన్నం పెట్టించుకుని తిన్నది. దుఃఖంలో మనసు ఏదో వినిపించి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు సంత. అడవిలో గూడెం నుంచి ముత్తమ్మ చీపుళ్లు అమ్ముకోవడానికి వచ్చింది, జానీ దగ్గర ఎప్పుడూ చీరలు కొనే మనిషి. నేరుగా నా షాపుకు వచ్చింది.

"అన్నా, నీ కొడుకుకు మా మీద కోపమొచ్చిందా ఏంది? వానలున్నన్ని దినాలు రాకపాయె. నిన్న పగటిపూట ఊరి ముందట బండి మోత ఇని మేమంత ఉరికొచ్చినం. వచ్చేసరికి లేడు. చీరలన్న సూపియ్యకుండ గట్లెట్ల పోయిండు?"

జానీ చనిపోయాడని ఆమెకు తెలియదు. చెప్పాను. చీపుళ్లు వదిలేసి మెట్టు మీద కూర్చుండిపోయింది. వేరే ఎవరి బండో అయి ఉంటుందన్నాను.

"కాదన్నా. ఆ పిలగాని బండి మాకెర్క లేదా?" అని, నోటితోనే ఆ మోత చేసి వినిపించింది. నాలుగు దెబ్బలు, ఆగడం, మళ్లీ అందుకోవడం. అచ్చం అదే.

ఇది ఎలా జరిగిందో ఈ రోజుకీ నాకు తెలియదు. గూడెం ఎక్కడ, మా ఇల్లు ఎక్కడ! ఒకే పూట ఇద్దరికీ ఎలా వినపడింది? ఎంత ఆలోచించినా తేలలేదు, ఆలోచించడం మానలేకపోతున్నాను.

ముత్తమ్మ చెప్పింది ఆ రాత్రి సైదాబీతో అన్నాను. అన్నం వడ్డిస్తున్నదల్లా ఆగి అడిగింది.

"నిజంగనే నీకు ఇనవడలేదా?"

లేదన్నాను. పళ్లెం పట్టుకుని ఆ బండి పక్కనే కూర్చున్నానని, చెవులు రిక్కించానని, ఏమీ వినపడలేదని చెప్పాను. అన్ని రోజులూ నేనే ఆమెను చూసి జాలిపడ్డాను. ఆ రాత్రి ఆమె నా తల మీద చెయ్యి వేసి నిమిరింది, "ఇనవడుతది లే" అంది. ఇంకా వినపడలేదు.