మేలు బస్తాలో అవకాడోలు

నాలుగు కాయలతో మా నాన్న ముప్పై ఏళ్ల పరువును కోదాడ దాకా పంపి ఎలా కుమ్మరించానో చెబుతాను. నవ్వుకోండి, పర్వాలేదు. మిర్యాలగూడలో అందరూ నవ్వేశారు, మీరే మిగిలారు.

మాది రైస్ మిల్లు. నాకప్పుడు ఇరవై ఐదేళ్లు, ఒంటికి కండ పట్టించాలని పట్టుదల. అవకాడో తింటే చాలని ఫోన్‌లో ఎవరో చెప్పారు. పండంటే తీపో పులుపో ఉండాలి కదా, ఇందులో ఉన్నదంతా కొవ్వేనట, అచ్చం వెన్నేనట. పని మీద సూర్యాపేట వెళ్లినప్పుడు నాలుగు కొన్నాను. ఇంటికొచ్చి కోయబోతే కత్తి దిగలేదు.

"పచ్చి మామిడికాయలా? పప్పులెయ్యనా?" అంది అమ్మ.

"అవకాడోలమ్మా. వెన్న లెక్కుంటయ్."

అమ్మ ఒకదాన్ని గట్టు మీద కొట్టి చూసింది. "గీ వెన్నతోని మిరియాలు దంచుకోవచ్చు బిడ్డా. సీతాఫలాల లెక్క బియ్యంల మాగెయ్, మెత్తవడుతయ్."

మిల్లువాడి కొడుక్కి బియ్యానికేం కొదవ? అయితే అంత గొప్ప కాయల్ని మామూలు బియ్యంలో వేయడానికి మనసొప్పలేదు. మిల్లంతా తిరిగి, పాత బియ్యంలో అన్నిటికన్నా మేలైన బస్తా ఎంచి, నడిమధ్యలో పాతిపెట్టి, మూతి కుట్టేశాను. తెలివిలో నన్ను మించినవాడు లేడని ఆ పూట నా నమ్మకం.

ఐదో రోజు నాన్న పిలిచాడు. కోదాడలో ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లకు వంట చేయించే సరోజమ్మ గారు వండి చూడటానికి ఒక బస్తా పంపమన్నారట. నచ్చితే ఏడాది పొడుగునా మా బియ్యమే కొంటారు. కొనేవాళ్లు లేక మిల్లు సగం రోజులు మూసే ఉంటున్న కాలమది.

"మంచి బస్తా సూసి పంపు. నీ మీదనే ఇడిశిపెడుతున్న," అన్నాడు నాన్న.

నాన్న నాకు అప్పగించిన మొదటి పని. మిల్లులో మేలైన బస్తా ఏదో నాకు తెలియదా? నేను ఎంచిందే కదా. తిన్నగా వెళ్లి దాన్నే ఆటో ఎక్కించాను. అవును, మీరు ఊహించిందే. ఒంటికి పట్టాల్సిన కొవ్వు తినకముందే బుర్రకు పట్టింది.

మర్నాడు పొద్దున్నే నాన్న ఫోన్‌లో సరోజమ్మ గారి గొంతు నాకూ వినిపించింది. "ఏమండీ, బియ్యంలో గుడ్లు పెట్టి పంపారేంటి? నల్లగా గరుగ్గా ఉన్నాయి. మొసలివా?"

నాన్న నా వైపు చూశాడు. నా మొహమే జవాబు చెప్పేసింది.

"ఎన్ని ఏసినవ్ రా?"

"నాలుగు."

"పురుగు పడ్డ బియ్యం పంపినోళ్లను సూసిన. పండ్లు పడ్డ బియ్యం పంపినోన్ని నిన్నే సూస్తున్న. బండెక్కు."

హుజూర్‌నగర్ దాటాక నాన్న, "ఇగ మిల్లుకు తాళమే," అన్నాడు. తిట్టినా బాగుండేది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

సరోజమ్మ గారు మమ్మల్ని వంటశాలలో బల్ల మీద కూర్చోబెట్టి రెండు పళ్లేలు పెట్టారు. వేడి అన్నం, పక్కన లేతాకుపచ్చ పచ్చడి.

"ముందు తినండి. తర్వాత మాట్లాడుకుందాం."

నేను పళ్లెం ముట్టలేదు. నాన్న ఒక ముద్ద తిన్నాడు, ఆగాడు, గబగబా ఇంకో నాలుగు తిన్నాడు. "ఏం పచ్చడమ్మా ఇది? నెయ్యి శాన ఏసినట్టున్నరు."

"చుక్క వేయలేదండీ. మీ గుడ్లే. కోస్తే లోపలంతా వెన్న. పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి పోపు పెట్టాను."

"తప్పు నాదేనమ్మా," అన్నాను తల దించుకుని.

"తప్పేంటి బాబూ? బియ్యంలో తేమ ఉంటే ఆ కాయలు కుళ్లి బస్తా కంపు కొట్టేది. చక్కగా మాగాయంటే ఇది బాగా ఆరిన పాత బియ్యమే. మావి పాత బియ్యమని అందరూ చెప్పేవాళ్లే, రుజువు లోపల పెట్టి పంపింది మీరే. హాస్టళ్లన్నిటికీ ఇక మీ బియ్యమే."

నాన్న నా భుజం మీద చెయ్యేశాడు. "మా మిల్లుల రివాజే గదమ్మా. కాయ మాగినంకనే బస్తా కదుల్తది."

నేను నోరు తెరిచాను. నాన్న నా కాలు తొక్కాడు. ఆ సందులోనే నా పళ్లెంలోని పచ్చడి కూడా ఆయన పళ్లెంలోకి వెళ్లిపోయింది.

మిల్లు ఇప్పుడు రోజూ తిరుగుతోంది. ఆ విజయం పూర్తిగా నాదేనని ఛాతీ విరుచుకుని చెబుతాను. నాకు దక్కింది మాత్రం "నాటుకో బాబూ" అంటూ సరోజమ్మ గారు పొట్లం కట్టిచ్చిన నాలుగు గింజలే. ఆ గింజల మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మేలైన బియ్యంలో ఏ పండూ మాగేయను. నూకల బస్తాలోనే వేస్తాను. దాన్ని ఎవరికీ పంపబుద్ధి కాదు కాబట్టి, ఒక్క ముక్కైనా నా నోటిదాకా వస్తుంది.