పాలపొడి డబ్బాలో వంకాయ వరుగులు

మా కోరుట్ల ఇంట్లో అటక మీద పసుపు రంగు పాలపొడి డబ్బాలు పన్నెండు ఉండేవి. అన్నీ దుబాయిలో ఉన్న మా నాన్న, అదే మా బాపు, పంపినవే. పాలపొడి అయిపోగానే అమ్మ వాటిని కడిగి, ఆరబెట్టి, కందిపప్పు, చింతపండు, మక్కజొన్న రవ్వ నింపేది. వేసవిలో ఎండబెట్టిన వంకాయ వరుగులూ వాటిలోకే. మా వాడ నుంచి ఎవరైనా దుబాయికి తిరిగి పోతుంటే, వాళ్ల సంచిలో వరుగుల డబ్బా ఒకటి బాపు గదికి చేరేది. పాలపొడితో వచ్చిన డబ్బా వరుగులతో వెనక్కి పోయేదన్నమాట.

తెలంగాణ కోసం అందరూ సమ్మెలో ఉన్న రోజులవి. బస్సులు లేవు, బడి లేదు, అంగట్లో కూరగాయలు లేవు. సిరిసిల్లలో పుట్టింటికి వెళ్లిన అమ్మ అక్కడే చిక్కుకుపోయింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. రాత్రి పక్కింటి పెద్దమ్మ దగ్గర పడుకుని, పగలు మా ఇంట్లో డబ్బాల్లోంచి తీసి వండుకునేదాన్ని. ఆ రవ్వ ఉడికించి గట్క, పచ్చిపులుసు, మళ్లీ గట్క. ఎంత హాయిగా ఉండేదో! పొద్దున లేస్తే హారన్ మోత లేదు. ఖాళీ రోడ్డు మీద మేకలు పడుకునేవి. ఊరంతా నాతో కలిసి ఒకే కల కంటున్నట్టు ఉండేది.

ఒక ఉదయం పెద్దమ్మ వచ్చింది.

"ఇయ్యాల జగిత్యాల రోడ్డు మీద వంటావార్పు. ఇంటికింత తేవాలె బిడ్డా. నీ తాన ఏమున్నది?"

బండ్లు తిరిగే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండి, అక్కడే బంతి కూర్చుని తినడమే వంటావార్పు. పెద్దమ్మ నన్నూ ఒక ఇంటి ఆడమనిషిలా అడిగేసరికి గొప్పకు పోయాను. నిచ్చెనెక్కి, చేతికందిన డబ్బా మూత తీస్తే నిండుగా వరుగులు. ఇంట్లోకే అనుకున్నాను. అన్నీ ఒకే రంగు డబ్బాలు మరి.

రోడ్డు మీది పొయ్యి దగ్గరికి పట్టుకుపోయి వేణ్నీళ్లలో వేయగానే ముడుచుకున్న ముక్కలు మెల్లగా ఉబ్బాయి. చింతపులుసు పోసి, కారం చల్లాను. ముసురు తెరిపిచ్చి లేత ఎండ కాస్తోంది. పొగ, డప్పుల చప్పుడు, గోరువెచ్చని తారు మీద నా ఉత్తి కాళ్లు. నిద్రలో నడుస్తున్నట్టే వడ్డించాను. బంతిలో మా వాడ చిన్నబాపు కూర్చున్నాడు. దుబాయిలో బాపుతో ఒకే గదిలో ఉంటాడు. సెలవు మీద వచ్చి ఎల్లుండి తిరిగి పోవాల్సినవాడు. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు.

"మీ అమ్మ చెయ్యి పడ్డట్టే ఉన్నది బిడ్డా" అన్నాడు. నేనిక నేల మీద లేను.

చిన్నబాపు బయల్దేరేలోపు డబ్బా అందించాలని అమ్మ మర్నాడు ఎవరిదో మోటర్‌సైకిల్ మీద వచ్చి, తిన్నగా నిచ్చెనెక్కింది. మూతలు ఒక్కొక్కటే తీస్తున్న చప్పుడు కింద నాకు వినిపించింది.

"మీ బాపు కోసమని పక్కకు వెట్టిన ఒరుగులేవే?"

చెప్పాను. అమ్మ నిచ్చెన మీదే కూర్చుండిపోయింది.

"నాలుగేండ్లాయె మీ బాపు అచ్చి. గీ ముసురుల మల్ల యాడ ఎండవెడుదునే?"

కొట్టినా బాగుండేది. కొట్టలేదు, ఏడ్చింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. చిన్నబాపు సంచిలో మామిడి తొక్కు సీసా ఒక్కటే వెళ్లింది.

బాపు శుక్రవారం ఫోన్ చేసేవాడు. ఈసారి అమ్మ ఫోన్ నా చేతికిచ్చి పక్కకు తిరిగింది.

"నా ఒరుగులు రోడ్డు మీద వండి పెట్టినవట? చిన్నబాపు చెప్పిండు."

"తెల్వక, బాపూ..."

"ఎంతమంది తిన్నరే?"

"రెండు బంతులు."

అటువైపు ముక్కు చీదిన చప్పుడు.

"ఊరంత రోడ్డు మీదుంటే నేనీడ టీవీల చూసుడే అయితున్నది బిడ్డా. నేనొక్కన్నే లేకపోతి అని మస్తు రంది పడ్డ. నేను రాకున్నా, నా ఒరుగుల డబ్బా అన్న అచ్చింది గదనే."