పర్లేదుకి ఎన్ని మార్కులు

‘పర్లేదు’ అన్న మాటకి ఎన్ని మార్కులు వెయ్యాలి? ఇన్నేళ్లయినా జవాబు దొరకలేదు.

కీళ్లనొప్పుల ఆసుపత్రిలో రోగులను అడిగి ఫారాలు నింపే ఆవిడను అందరూ ప్రశ్నలక్క అనేవారు. నొప్పి లేకపోతే సున్నా, భరించలేకపోతే పది. గోడ పట్టుకుని నడిచొచ్చే ముసలమ్మ కూడా "ఏదో, పర్లేదమ్మా" అనేది. అక్క ఏ ఐదో ఆరో వెయ్యబోతే పెద్ద డాక్టరు ఒప్పుకోలేదు.

"పర్లేదంటే నొప్పి లేదనే కదమ్మా! సున్నా వెయ్యి. ఏదైనా వస్తే నేను చూసుకుంటాగా."

పదకొండేళ్లుగా తను నమ్మిన మనిషి. అక్క సున్నాలు చుట్టింది.

ఆ మార్కులను, ఇవే ఫారాలు నింపిన మరో ఆరు దేశాల మార్కుల పక్కన పెడితే, అందరికంటే తక్కువ నొప్పి ఇక్కడేనని తేలింది. ఇంకెందుకని వ్యాయామాల గదికి పైవాళ్లు తాళం వేయించారు. రోగులు గొడవ చేస్తే, ఆ సున్నాలు ఎవరు వేశారని పైవాళ్లు విచారణకొచ్చారు. అక్క నోరు తెరిచేలోపే డాక్టరు అందుకున్నాడు.

"నాకేం తెలుసండీ? ఆవిడే అలా రాసుకుపోయింది."

ఆమెవైపు చూడనైనా లేదు. అక్క కలం బల్లమీద పెట్టి బయటికొచ్చింది. తాళం వేసిన గది ముందు ముసలమ్మ కూర్చుని ఉంది.

"అలా ఉన్నావేంటే తల్లీ?"

"పర్లేదు పెద్దమ్మా."

రోజూ గదిగదికీ "వెళ్లొస్తా" అని చెప్పి కదిలే మనిషి, ఆవేళ ఎవరికీ ఆ మాట చెప్పకుండానే గేటు దాటింది.